‘1984’ నవల, ఆర్వెల్ జీవితం, ఆయన రాజకీయాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

భయంకరమైన భవిష్యత్తును ఊహించి రాసే నవలలను డిస్టోపియా నవలలు అంటున్నాం. వాటిలో జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’ను కొందరు కమ్యూనిజం మీద తీర్పుగా చదివారు, కొందరు క్షయరోగి నిరాశగా చదివారు, కొందరు ప్రచ్ఛన్న యుద్ధపు ఆయుధంగా చదివారు. ఎవరి వాదానికి వారు రచయిత జీవితంలోంచే ఒక ముక్కను తెచ్చి సాక్ష్యంగా చూపించారు. ఆ ముక్కలను తిరిగి వాటి వాటి స్థానాల్లో పెట్టి చూడాలన్న ఉద్దేశంతో, పాఠకులు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

నవల అర్థం కావడానికి రచయిత జీవితం తెలిసి ఉండాలా?

కథ అర్థం కావడానికి అక్కర్లేదు. కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ ఇంట్లోనే నిఘా పెట్టే టెలిస్క్రీన్ కంటపడకుండా మూలన కూర్చుని డైరీ తెరిచిన క్షణం నుంచే అతని భయం మనకు అంటుకుంటుంది. రచయిత ఉద్దేశం కృతికి కొలమానం కాదని విమ్సాట్, బియర్డ్‌స్లీ అనే అమెరికన్ విమర్శకులు 1946లో వాదించారు. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ రచయిత మరణాన్నే ప్రకటించాడు. భావకవితల విషయంలో, ప్రేమకథల విషయంలో ఆ వాదంతో నాకు పెద్ద పేచీ లేదు. అయితే డిస్టోపియా నవల స్వభావరీత్యా ఒక హెచ్చరిక. హెచ్చరిక విన్న మనిషి మొట్టమొదట అడిగేది ప్రమాదం ఎటునుంచి వస్తోందని. దానికి జవాబు వెతికేటప్పుడు, హెచ్చరించినవాడు ఏం చూశాడు, ఎక్కడ నిలబడి చూశాడు అన్న విషయం చర్చలోకి రాక తప్పదు.

తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా విశాఖ విద్యార్థులు ‘రచయితలకు సవాల్’ అనే కరపత్రం వేసి, మీరు ఎటువైపో తేల్చుకోమని నిలదీశారు. అదే ఏడాది జూలైలో విరసం ఏర్పడింది. అప్పటి నుంచి రచయిత నిబద్ధత మన విమర్శలో ప్రధానమైన చర్చగా నిలిచింది. ఆ అలవాటు ఆర్వెల్‌ను చదివేటప్పుడు మనకు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. పుస్తకం గాలిలోంచి ఊడిపడదని మనకు ముందే తెలిసి ఉండటం మేలు. ఉన్నవి రెండే పక్షాలని ముందే తీర్మానించుకుని, రెండు వైపుల నుంచీ దెబ్బలు తిన్న మనిషిని ఏదో ఒక పంక్తిలో బలవంతంగా కూర్చోబెట్టడం కీడు.

ఆర్వెల్ సోషలిస్టా, సోషలిజానికి వ్యతిరేకా?

సోషలిస్టే. 1938 జూన్‌లో ఆయన బ్రిటన్‌లోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీలో చేరారు, యుద్ధం మొదలయ్యాక దాన్ని విడిచిపెట్టారు, చివరి వరకూ లేబర్ పార్టీ మద్దతుదారుగా ఉన్నారు. తాను 1936 తర్వాత శ్రద్ధగా రాసిన ప్రతి వాక్యమూ నిరంకుశత్వానికి వ్యతిరేకంగా, ప్రజాస్వామిక సోషలిజానికి అనుకూలంగా రాసినదేనని 1946లో తన రచనా ప్రేరణల గురించిన వ్యాసంలో స్పష్టంగా చెప్పుకున్నారు. ఆ వాక్యంలోని మొదటి సగాన్ని మాత్రమే ఉటంకించి రెండో సగాన్ని వదిలేసినవారు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో ఆర్వెల్ పఠనానికి జరిగిన అన్యాయమంతా ఆ కత్తిరింపులోనే ఉంది.

‘1984’ లండన్‌లో 1949 జూన్ 8న వెలువడింది. బెర్లిన్ దిగ్బంధం ముగిసి నెల తిరగలేదు. ఆగస్టులో సోవియట్ యూనియన్ తొలి అణుబాంబును పరీక్షించింది, అక్టోబరులో చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. అలాంటి ఏడాదిలో ఇంగ్సాక్, అంటే ఇంగ్లిష్ సోషలిజం, అనే పేరున్న పాలకపక్షంతో నవల వస్తే అమెరికాలో దాన్ని ఎలా చదువుతారో ఊహించడం కష్టం కాదు. ఆ పఠనం ఎంత వేగంగా వ్యాపించిందంటే, అమెరికాలోని ఆటోమొబైల్ కార్మికుల సంఘం నుంచి ఒకరు ఉత్తరం రాసి అడిగితే, మంచం మీదున్న ఆర్వెల్ వివరణ ఇవ్వవలసి వచ్చింది. తన నవల సోషలిజం మీద గానీ, తాను సమర్థించే లేబర్ పార్టీ మీద గానీ దాడి కాదని, కేంద్రీకృత ఆర్థిక వ్యవస్థకు పట్టే వికృతులను, కమ్యూనిజంలోనూ ఫాసిజంలోనూ కొంతవరకు నిజమైన వికృతులను, చూపించడానికే రాశానని చెప్పారు. ఇంగ్లిష్ మాట్లాడే జాతులు పుట్టుకతో ఇతరులకంటే మెరుగైనవేమీ కావనీ, ఎదిరించకపోతే నిరంకుశత్వం ఎక్కడైనా గెలుస్తుందనీ చెప్పడం కోసమే కథను బ్రిటన్‌లో నడిపానన్నారు.

ఈ వివరణతో చర్చ ముగిసిందని అనుకోవడం కూడా సరికాదు. ఆయన ఆ పేరును తెలిసే ఎంచుకున్నారు. తోటి సోషలిస్టులకు గుచ్చుకోవాలనే, తమ ఇంట్లోనే ఆ బీజం ఉందని వారు గుర్తించాలనే అలా రాశారు. బయటి శత్రువు ఎగతాళికీ, ఇంటి మనిషి మందలింపుకూ మాటలు ఒకటే కావచ్చు గానీ వాటి బరువు వేరు. ఆ తేడాను పట్టుకోవడానికే రచయిత జీవితం కావాలి.

స్పెయిన్‌లో ఆయనకు ఏం జరిగింది? దానికి నవలతో సంబంధం ఏమిటి?

నవలకు పునాది అక్కడే పడింది. ఆర్వెల్ 1936 డిసెంబరులో బార్సిలోనా చేరి, అంతర్యుద్ధంలో రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడ్డ ఫ్రాంకో సైన్యాలతో పోరాడటానికి పి.ఒ.యు.ఎం. అనే చిన్న మార్క్సిస్టు పార్టీ దళంలో చేరారు. ఆ పార్టీ స్టాలిన్‌ను వ్యతిరేకించేది. 1937 మే నెల మొదట్లో బార్సిలోనా వీధుల్లో రిపబ్లిక్ పక్షం వాళ్లే ఒకరి మీద ఒకరు కాల్పులు జరుపుకున్నారు. మే 20న హువెస్కా దగ్గర యుద్ధరంగంలో ఒక తూటా ఆర్వెల్ గొంతులోంచి దూసుకుపోయింది. ప్రాణం దక్కింది. ఆయన కోలుకుంటుండగానే, జూన్‌లో, పి.ఒ.యు.ఎం.ను నిషేధించి ఫాసిస్టుల ఏజెంటుగా ముద్రవేశారు. ఎవరితో యుద్ధం చేస్తూ గొంతులో తూటా తిన్నారో వారికే గూఢచారి అన్న నింద ఆయన మీద పడింది. భార్య ఐలీన్ ఉన్న హోటల్ గదిని పోలీసులు సోదా చేశారు. దంపతులిద్దరూ రైలెక్కి ఫ్రాన్స్‌లోకి తప్పించుకున్నారు. వారు దాటిపోయిన తర్వాత, జూలైలో, ఇద్దరినీ కరుడుగట్టిన ట్రాట్‌స్కీవాదులుగా, అంటే స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ అనుచరులుగా, పేర్కొంటూ గూఢచర్యం, దేశద్రోహం కేసులు విచారించే న్యాయస్థానానికి ఒక నివేదిక తయారైంది. ఆ కాగితం ఆర్వెల్ కంటపడనే లేదు. ఆయన చనిపోయిన దశాబ్దాల తర్వాత స్పెయిన్ దస్త్రాల్లోంచి బయటికొచ్చింది.

ప్రాణభయం కంటే ఆయన్ను ఎక్కువగా కుదిపినవి పత్రికలు. ఏ పోరూ జరగని చోట మహాయుద్ధాలు జరిగాయని, వందలమంది చచ్చిన చోట ఏమీ జరగలేదని రాసిన వార్తలను తాను చూశానని స్పెయిన్ యుద్ధాన్ని తలచుకుంటూ రాసిన వ్యాసంలో ఆయన చెప్పారు. వాస్తవానికి దగ్గరగా ఉండే అబద్ధం అంతకుముందూ ఉంది. వాస్తవంతో ఏ సంబంధమూ లేని అబద్ధాన్ని స్పెయిన్‌లో తొలిసారి చూశానన్నది ఆయన ఆవేదన. నవలలో సత్య మంత్రిత్వ శాఖ గుమస్తా విన్‌స్టన్ పాత పత్రికలను దిద్దుతూ, లేని సైనికుడికి వీరమరణం కల్పించి రాస్తున్నప్పుడు మనం చదువుతున్నది ఆ ఆవేదననే. ఇంగ్లండ్ తిరిగొచ్చి తాను చూసింది చెప్పబోతే వామపక్ష ప్రచురణకర్తలే కాదన్నారు. ‘హోమేజ్ టు కాటలోనియా’ 1938లో వచ్చింది, వేసిన 1,500 ప్రతులు కూడా ఆయన బతికుండగా అమ్ముడుపోలేదు.

యుద్ధం తర్వాత పోలెండ్‌లో రహస్యంగా చేతులు మారిన ‘1984’ను చదివిన పార్టీ సభ్యులు, రష్యాలో ఎన్నడూ ఉండని మనిషికి అక్కడి జీవితం ఇంత సూక్ష్మంగా ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయేవారని పోలిష్ కవి చెస్వాఫ్ మీవోష్ 1953లో రాశారు. ఆ ఆశ్చర్యానికి జవాబు ఊహాశక్తి ఒక్కటే కాదు. స్పెయిన్‌లో ఆ ఆరు నెలలు ఉన్నాయి, వాటికి ముందు బర్మాలో అయిదేళ్లు ఉన్నాయి.

బర్మా, భారతదేశం ఈ నవలలో ఎక్కడున్నాయి?

మామూలుగా అనుకునేదానికంటే చాలా లోతుగా ఉన్నాయి. ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న నేటి బీహార్‌లోని మోతీహారిలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. బిడ్డకు ఏడాది నిండే వేళకు తల్లి ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయింది కాబట్టి జన్మస్థలానికి అంతకుమించి ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు. ముఖ్యమైనది 1922 నుంచి 1927 వరకు బర్మాలో ఆయన చేసిన పోలీసు ఉద్యోగం. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు లాఠీ పట్టిన చేత్తో సామ్రాజ్యాన్ని నడిపించాడు, జైళ్లు చూశాడు, ఉరి చూశాడు, సెలవు మీద ఇంగ్లండ్ వచ్చి రాజీనామా చేశాడు. పీడన యంత్రంలో తానొక భాగాన్నన్న అపరాధభావన ఆయన్ను ఆ తర్వాత ఏళ్ల తరబడి వెంటాడింది.

నేను అందరికీ చూపించదలచిన ఆధారం 1934లో వచ్చిన ఆయన తొలి నవల ‘బర్మీస్ డేస్’లో ఉంది. తెల్లదొరల క్లబ్బు చుట్టూ తిరిగే వలస జీవితాన్ని వర్ణిస్తూ, ప్రతి మాట మీదా ప్రతి ఆలోచన మీదా సెన్సార్ ఉండే ఊపిరాడని లోకమని అక్కడ రాశారు. ‘1984’లో మనుషుల ఆలోచనల మీదే నిఘా వేసే థాట్ పోలీస్ ఊహకు మొలక ఇక్కడ ఉంది. స్టాలిన్ కాదు, హిట్లర్ కాదు, సాటి తెల్లవారి ముందు నల్లవారి మీద జాలి చూపకూడదన్న వలస నియమం అందుకు మూలం. ‘1984’లో నిరంకుశత్వం అంటే మాస్కో మాత్రమే అని చదివేవారు ఈ పేజీని దాటవేస్తారు. మాస్కోను ఆయన ఉద్దేశించలేదని ఎవరైనా అంటే అదీ అబద్ధమే. నవలలోని అధినేత బిగ్ బ్రదర్ మీసాలు, పార్టీ ద్రోహిగా ముద్రవేసిన గోల్డ్‌స్టీన్‌లో ట్రాట్‌స్కీ పోలికలు దాచినా దాగవు.

మనకు మరీ దగ్గరగా తగిలే సంగతి ఒకటుంది. నవల రెండో అధ్యాయంలో టెలిస్క్రీన్ బాకా ఊది, దక్షిణ భారతదేశంలో మన సేనలు ఘనవిజయం సాధించాయని ప్రకటిస్తుంది; ఆ వెంటనే చాక్లెట్ రేషన్ 30 గ్రాముల నుంచి 20 గ్రాములకు తగ్గిందని చల్లగా చెబుతుంది. విన్‌స్టన్ దిద్దవలసిన కాగితాల్లో ఒకటి కూడా దక్షిణ భారతదేశానికి సంబంధించినదే: అక్కడ యుద్ధరంగం ప్రశాంతంగా ఉంటుందని బిగ్ బ్రదర్ జోస్యం చెప్పాడు, శత్రువు అక్కడే దాడి చేశాడు, కాబట్టి జోస్యాన్ని వెనక్కి వెళ్లి మార్చాలి. నవల లోపల గోల్డ్‌స్టీన్ రాసినట్టు చెప్పే నిషిద్ధ పుస్తకంలోనైతే ప్రపంచాన్ని పంచుకున్న మూడు మహారాజ్యాలు నిరంతరం కొట్టుకునేది దక్షిణ భారతదేశం, ఆఫ్రికా మధ్యభాగం, ఇండోనేషియా దీవుల వంటి ప్రాంతాల కోసమనీ, గెలిచినవాడికి దక్కేది కోట్లాది చవక కూలీల శరీరాలనీ ఉంటుంది. తెలుగు నేల ఆ పటంలో ఉంది. అక్కడి మనుషులకు నవలలో పేర్లు లేవు, మాటలు లేవు. వలస పాలనను అసహ్యించుకున్న రచయిత కూడా, వలస ప్రజలు కూలీలుగా మాత్రమే కనిపించే దూరం నుంచి రాశాడన్న విమర్శ ఇక్కడ చేయవచ్చు. ఆ విమర్శ న్యాయమైనదే అనుకుంటాను.

బీబీసీ ఉద్యోగం ప్రభావం ఎంత?

1941 ఆగస్టు నుంచి 1943 నవంబరు వరకు ఆర్వెల్ బీబీసీ తూర్పు విభాగంలో, భారతదేశానికి వెళ్లే కార్యక్రమాలను తయారుచేశారు. ముల్క్‌రాజ్ ఆనంద్ వంటి భారతీయ రచయితలు ఆయనతో కలిసి పనిచేశారు. భారత స్వాతంత్ర్యాన్ని కోరుకున్న మనిషి, 1942 ఆగస్టులో గాంధీ, నెహ్రూలను జైల్లో పెట్టిన ప్రభుత్వం తరఫున భారతీయులకు ప్రసంగాలు రాశారు, ప్రతి ప్రతినీ సెన్సార్ చూశాకే చదివించారు. ప్రస్తుత రాజకీయ పరిస్థితుల్లో భారతదేశానికి బ్రిటిష్ ప్రచారం వినిపించడం దాదాపు వ్యర్థమని రాజీనామా లేఖలో రాశారు. విన్‌స్టన్ తన పనిని ద్వేషిస్తూనే, అబద్ధాన్ని నేర్పుగా అల్లేటప్పుడు పనివాడి సంతృప్తి పొందడం చాలామంది పాఠకులకు వింతగా తోస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రమే తెలిసే విషయం అది. నవలలో అతి భయంకరమైన చిత్రహింసల గదికున్న నంబరు 101 కూడా ఆ విభాగం సమావేశాలు జరిగిన గదిదేనని జీవితచరిత్రకారులు చెబుతారు. కొన్ని వందల మాటలతో ఇంగ్లిష్‌ను కుదించిన బేసిక్ ఇంగ్లిష్ మీద అప్పట్లో ఆయనకు కలిగిన ఆసక్తి తర్వాత నవలలో ఆలోచననే కుదించడానికి పార్టీ తయారుచేసే న్యూస్పీక్ అనే భాషగా తలకిందులైంది.

‘యానిమల్ ఫామ్’ను సీఐఏ వాడుకుందన్నది నిజమేనా?

నిజం. అయితే మొదటి నుంచి చెప్పాలి. యజమాని మీద తిరగబడ్డ జంతువులు చివరికి పందుల పాలనలో పడే కథగా రష్యా విప్లవాన్ని చెప్పిన ఈ చిన్న నవల 1944లో రాత పూర్తయినప్పుడు సోవియట్ యూనియన్ బ్రిటన్‌కు మిత్రదేశం. గొలాంజ్, కేప్, ఫేబర్ సంస్థలు పుస్తకాన్ని తిరస్కరించాయి. ఫేబర్ తరఫున టి.ఎస్. ఎలియట్ రాసిన ఉత్తరంలో, కావలసింది మరింత ప్రజాహితం కోరే పందులేనన్న వాదన కనిపిస్తుంది. కేప్ సంస్థ వెనక్కి తగ్గింది సమాచార మంత్రిత్వ శాఖ అధికారి ఒకరి సలహాతో. పీటర్ స్మాలెట్ అనే ఆ అధికారి సోవియట్ గూఢచారి అని తర్వాత తేలింది. చివరికి సెకర్ అండ్ వార్‌బర్గ్ 1945 ఆగస్టు 17న ప్రచురించింది. ఇంగ్లండ్‌లో సెన్సార్ చాలావరకు ఎవరూ బలవంతపెట్టకుండానే నడుస్తుందంటూ ఆర్వెల్ దానికి రాసుకున్న ముందుమాట అచ్చుకాలేదు. 1972లో గానీ వెలుగు చూడలేదు. ఇరవై ఏడేళ్లపాటు పాఠకులు ఆ పుస్తకాన్ని, తన దేశపు మేధావుల మీద రచయిత చేసిన ఫిర్యాదు తెలియకుండానే చదివారు.

కథ చివర పందులూ మనుషులూ పేకాడుతూ గొడవపడతారు, ఏది పందో ఎవరు మనిషో గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. బ్రిటన్, అమెరికా, సోవియట్ నాయకులు కలిసిన 1943 నాటి టెహరాన్ సమావేశం ముగిసిన వెంటనే, ఆ స్నేహం నిలవదన్న నమ్మకంతో దాన్ని రాశానని 1947 ఉక్రేనియన్ ప్రతి ముందుమాటలో ఆయన చెప్పారు. జర్మనీలోని శరణార్థుల కోసం అచ్చువేసిన ఆ ప్రతుల్లో దాదాపు 1,500 కాపీలను అమెరికన్ అధికారులే పట్టుకుని సోవియట్ అధికారులకు అప్పగించారు. రచయిత చనిపోయాక, సీఐఏ రహస్యంగా ఇచ్చిన డబ్బుతో 1954లో తీసిన యానిమేషన్ చిత్రంలో చివరి దృశ్యం మారిపోయింది: పేకాట బల్ల దగ్గర మనుషులు మాయమయ్యారు, మిగిలిన జంతువులు పందుల మీద తిరగబడ్డాయి. పుస్తకంలో రెండు వైపులకూ తగిలే దెబ్బ సినిమాలో ఒక వైపుకే తగిలింది. రచయిత రాజకీయాలను పక్కనపెట్టి కృతిని చదవడం తటస్థమైన పని కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకలేదు.

పేర్ల జాబితా సంగతి ఏమిటి? అది తెలిశాక నవలను మునుపటిలా చదవగలమా?

1949 మే 2న ఆర్వెల్ 38 మంది పేర్లను బ్రిటిష్ విదేశాంగ శాఖలోని సమాచార పరిశోధన విభాగంలో పనిచేస్తున్న స్నేహితురాలికి పంపారు. కమ్యూనిస్టులని, లేదా వారి పట్ల మొగ్గు ఉన్నవారని, కాబట్టి ప్రభుత్వ ప్రచార రచనలకు నమ్మదగినవారు కారని తాను భావించినవారి పేర్లవి. ఆయన సొంత నోట్‌బుక్‌లో 135 పేర్లున్నాయి. ఉత్తరం సంగతి 1996లో, జాబితా 2003లో బయటపడ్డాయి.

దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. నోట్‌బుక్‌లో కొందరి జాతి, మతం గురించి రాసుకున్న వ్యాఖ్యలు చదివితే ఆయన్ను అభిమానించేవారికి బాధ కలుగుతుంది. ప్రభుత్వానికి రహస్యంగా పేర్లు అందించడం ఎంత ప్రమాదకరమో నవలలో అంత బాగా రాసిన మనిషే ఆ పని చేశారు. అదే సమయంలో కొన్ని వాస్తవాలు కూడా పక్కన ఉండాలి. అది లేబర్ ప్రభుత్వం; ఆ జాబితా వల్ల ఎవరినీ జైల్లో పెట్టలేదు; నవల రాత అంతకుముందే, 1948 చివరికే, పూర్తయింది. జాబితాలో పీటర్ స్మాలెట్ పేరుంది, ఆ అనుమానం నిజమైంది. ఐజాక్ డాయిచర్ పేరూ ఉంది, ‘1984’ను ప్రచ్ఛన్న యుద్ధపు భయోత్పాత సాధనంగా 1950లలో తీవ్రంగా విమర్శించిన మార్క్సిస్టు చరిత్రకారుడు ఆయనే.

అందువల్ల నవల అబద్ధమైపోతుందా అంటే, కాదంటాను. విన్‌స్టన్ కూడా నిర్దోషి కాడు. రహస్య తిరుగుబాటు ఉద్యమంలో ఉన్నట్టు నటించే పార్టీ అధికారి ఓబ్రయన్ అడిగినప్పుడు, ఆ ఉద్యమం కోసం పిల్లవాడి ముఖం మీద ఆమ్లం పోయడానికైనా సిద్ధమేనని ఒప్పుకుంటాడు. తర్వాత చిత్రహింసల గదిలో ఆ మాటలనే రికార్డు చేసి అతనికి వినిపిస్తారు. మంచి ఉద్దేశంతో మొదలైన మనిషి ఎక్కడిదాకా వెళ్తాడో రచయితకు తెలుసు. జాబితా గురించి తెలిశాక ఆ పేజీ నాకు మరింత భారంగా అనిపిస్తుంది.

క్షయరోగం వల్లే నవల అంత చీకటిగా ఉందా?

స్కాట్లండ్ తీరంలోని జూరా దీవిలో బార్న్‌హిల్ అనే ఇంట్లో, జబ్బుతో తీసుకుంటూ ఆయన దాన్ని పూర్తిచేశారు. 1947 డిసెంబరులో క్షయ నిర్ధారణ అయింది, 1948లో అమెరికా నుంచి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్ వికటించింది, 1950 జనవరి 21న 46 ఏళ్ల వయసులో మరణించారు. జబ్బు లేకుంటే ఇంకా బాగా రాసేవాడినని ఆయనే ప్రచురణకర్తకు రాశారు. అయితే అదే ఉత్తరంలో ఈ ఆలోచన 1943లోనే వచ్చిందనీ రాశారు. చిక్కి శల్యమైన విన్‌స్టన్ శరీరంలో ఆస్పత్రి అనుభవం కనిపించవచ్చు. సత్య మంత్రిత్వ శాఖకు మాత్రం క్షయతో సంబంధం లేదు. బాల్యంలోని బోర్డింగ్ పాఠశాల భయాలే నవలగా మారాయన్న వాదనా ఉంది. ఈ రెండు వాదనలూ ఒకే పని చేస్తాయి: రాజకీయ హెచ్చరికను రోగి కలవరింతగా మార్చి మనల్ని నిశ్చింతగా నిద్రపొమ్మంటాయి.

1948ని తిరగేసి 1984 అని పెట్టారా?

ఆధారం లేదు. రాతప్రతిలో 1980, తర్వాత 1982, చివరికి 1984 అని దిద్దినట్టు కనిపిస్తుంది. మొదట అనుకున్న పేరు ‘ఐరోపాలో చివరి మనిషి’. భార్య ఐలీన్ 1934లో తన పాఠశాల కోసం రాసిన కవిత పేరులోనూ 1984 ఉంది, కానీ రెంటికీ సంబంధం ఉందని నిరూపించలేం.

జామ్యాతిన్ ‘మేము’ నవల నుంచి కాపీ కొట్టారా?

రుణం ఉంది, దాపరికం లేదు. రష్యన్ రచయిత యెవ్గెనీ జామ్యాతిన్ 1920, 21 ప్రాంతంలో రాసిన ఆ నవలను ఆర్వెల్ 1946 జనవరిలో ‘ట్రిబ్యూన్’ పత్రికలో మెచ్చుకుంటూ సమీక్షించారు. డైరీ, నిషిద్ధ ప్రేమ, పాత ఇంట్లో కలుసుకోవడం, చివరి లొంగుబాటు, ఇవన్నీ రెండింటిలోనూ ఉన్నాయి. జామ్యాతిన్ జీవితాన్ని కూడా ముక్కగానే వాడుతున్నారు. ఆయన 1905లో బోల్షెవిక్. జారు జైల్లో పెట్టిన జైల్లోనే 1922లో బోల్షెవిక్కులూ పెట్టారు. 1931లో స్టాలిన్‌కు లేఖ రాసి దేశం విడిచి, 1937లో పారిస్‌లో పోయారు. ఇంతవరకే చెబితే నవల సోవియట్ వ్యతిరేక కథగా మిగులుతుంది. ఆయన నౌకా ఇంజినీరు కూడా. 1916, 17లలో ఇంగ్లండ్‌లోని టైన్ నదీతీర నౌకా కేంద్రాల్లో మంచుగడ్డలు పగలగొట్టే ఓడల నిర్మాణాన్ని పర్యవేక్షించారు. ‘మేము’లో ప్రజలు పూర్వీకులందరిలో గొప్పవాడిగా కొలిచేది మార్క్స్‌ను కాదు, కార్మికుడి ప్రతి కదలికనూ గడియారంతో కొలిచిన అమెరికన్ ఇంజినీరు టేలర్‌ను.

నవలలోని స్త్రీల చిత్రణను రచయిత జీవితంతో ముడిపెట్టవచ్చా?

పెట్టాలి, ఆ పని ఆలస్యంగా మొదలైంది. డాఫ్నీ పటాయ్ 1984లో, ఆనా ఫండర్ 2023లో ఈ కోణంలో గట్టిగా రాశారు. విన్‌స్టన్ గోల్డ్‌స్టీన్ పుస్తకం చదివి వినిపిస్తుంటే అతని ప్రేయసి జూలియా నిద్రపోతుంది. ఆమె తిరుగుబాటు నడుము కింది భాగానికే పరిమితమని విన్‌స్టన్ అంటాడు. ఈ చూపు వెనక ఐలీన్ కథ ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆమె బార్సిలోనాలో పార్టీ కార్యాలయంలో పనిచేసి, పోలీసులొచ్చిన రాత్రి నిబ్బరంగా నిలబడింది. యుద్ధకాలంలో సమాచార మంత్రిత్వ శాఖ సెన్సార్ విభాగంలో ఉద్యోగం చేసింది. ‘యానిమల్ ఫామ్’ రాస్తున్న రోజుల్లో రాత్రిపూట ఆయన చదివి వినిపిస్తే వింది, చర్చించింది. 1945 మార్చిలో శస్త్రచికిత్స బల్ల మీద 39 ఏళ్లకే చనిపోయింది. ‘హోమేజ్ టు కాటలోనియా’లో ఆమె పేరే లేదు, ‘నా భార్య’ అని మాత్రమే ఉంటుంది. గతాన్ని తుడిచేయడం గురించి మనకు అందరికంటే బాగా చెప్పిన రచయిత పుస్తకంలోనే ఇలా జరిగింది.

రచయిత ఉద్దేశించని ప్రభుత్వాలకు ఈ నవలను అన్వయించడం తప్పా?

తప్పు కాదు. ఆర్వెల్ రాసిన బర్మా పుస్తకం ఒకటి కాదు, ‘బర్మీస్ డేస్’, ‘యానిమల్ ఫామ్’, ‘1984’ కలిపి మూడని సైనిక పాలనలోని బర్మా పాఠకులు చెప్పుకునేవారు. 1975 జూన్ 25న మన దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించి పత్రికల మీద సెన్సార్ పెట్టిన రోజులను గుర్తుచేసుకుంటూ దీన్ని చదివేవారిది సరైన పఠనమే. అమెరికా నిఘా రహస్యాలు బయటపడిన 2013లోనూ, ‘ప్రత్యామ్నాయ వాస్తవాలు’ అన్న మాట పుట్టిన 2017 జనవరిలోనూ పుస్తకం అమ్మకాలు అమాంతం పెరిగాయి. యంత్రాంగం సరిపోతే అన్వయం సరిపోతుంది. జీవితచరిత్ర ఆపగలిగేది మరొకదాన్ని: ఈ పుస్తకం అవతలివాడి గురించే, నా గురించి కాదు అనే పఠనాన్ని. ఇంగ్లిష్ సోషలిస్టు తన సొంత దేశం, తన సొంత పక్షం, తాను చేసిన ఉద్యోగాలు కలిపి రాసిన నవల అది.

ఏ క్రమంలో చదివితే మంచిది?

‘1984’నే ముందు చదవండి, జీవితచరిత్ర తర్వాత. ఆపైన బర్మాలో ఏనుగును కాల్చిన వ్యాసం, ‘హోమేజ్ టు కాటలోనియా’, స్పెయిన్ యుద్ధం మీది వ్యాసం చదివి మళ్ళీ నవలకు రండి. రెండోసారి చివరి పేజీ దగ్గర ఆగిపోకండి. న్యూస్పీక్ సూత్రాల గురించిన అనుబంధాన్ని చాలామంది వదిలేస్తారు. అమెరికాలో ఒక పుస్తక క్లబ్ దాన్నీ, గోల్డ్‌స్టీన్ పుస్తకాన్నీ తీసేస్తే పెద్ద సంఖ్యలో అమ్ముతామన్నప్పుడు, డబ్బు అవసరమున్న ఆ రోగి ఒప్పుకోలేదు. ఆ అనుబంధం మొదటి వాక్యం నుంచి చివరి దాకా భూతకాలంలో, ఎక్కడా భయం లేని మామూలు ఇంగ్లిష్‌లో రాసి ఉంది. న్యూస్పీక్ ఒకప్పటి భాష అన్నట్టుగా, బిగ్ బ్రదర్ పాలన ముగిసిన తర్వాత ఎవరో తీరిగ్గా కూర్చుని రాసినట్టుగా ఉంటుంది.